నూట ఐదు 1005 ఎందుకు కాదు? స్థాన విలువ దగ్గర పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారు

మా అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోర్ పాప మూడో తరగతి చదువుతోంది. మొన్న సాయంత్రం వాళ్లమ్మ లెక్కల నోట్సు పట్టుకుని కిందికి వచ్చింది. క్లాసులో టీచర్ "వన్ హండ్రెడ్ ఫైవ్" అని చెబితే పాప 1005 అని రాసింది. "త్రీ హండ్రెడ్ ఫార్టీ టూ" అంటే 30042 అని రాసింది. రెండింటి మీదా ఎర్ర ఇంకు. "అక్కా, దీనికి వంద రాయడం వచ్చు, ఐదు రాయడం వచ్చు. రెండూ కలిపి రాయమంటే ఎందుకు రావట్లేదు? ఎల్లుండి యూనిట్ టెస్ట్, నాకు టెన్షన్‌గా ఉంది" అంది. పాప మాత్రం ధీమాగానే ఉంది. విన్నది విన్నట్టు రాశానంటుంది. వంద అంటే 100, ఐదు అంటే 5, పక్కపక్కన పెడితే 1005.

ఆ ధీమాలో న్యాయం ఉంది. పలికిన మాటల్ని పలికిన వరుసలో రాయడం అక్షరాల దగ్గర పనిచేస్తుంది. "అ" తర్వాత "మ్మ" రాస్తే "అమ్మ" అవుతుంది. సంఖ్యల దగ్గర అదే పద్ధతి తప్పుతుంది. ఎందుకు తప్పుతుందో చెప్పేదే స్థాన విలువ. పుస్తకంలో అది ఒక పేజీ పాఠం. కానీ కూడికలు, తీసివేతలు, గుణకారాలు, తర్వాత దశాంశాలు అన్నీ దాని మీదే నిలబడతాయి. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల్లో ఒకటో తరగతికి 99 దాకా, రెండుకు 999 దాకా, మూడుకు 9,999 దాకా సంఖ్యలు చదవడం, రాయడం రావాలని ఉంది. అంటే ఏడాదికి ఒక కొత్త స్థానం.

వెయ్యి నూట పదహార్ల కవరు చెప్పే పాఠం

ముందు రెండు మాటలు తేల్చుకుందాం. అంకెలు పదే: 0 నుంచి 9 దాకా. సంఖ్యలకు మాత్రం అంతు లేదు. ఈ పది గుర్తులతోనే ఎంత పెద్ద సంఖ్యనైనా రాయగలగడానికి ఒకే కిటుకు ఉంది. అంకె "ఎన్ని" అనేది చెబుతుంది, అది కూర్చున్న చోటు "ఏవి" అనేది చెబుతుంది.

మన ఇళ్లలో దీనికి పెళ్లి కవరు కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. కవరు మీద 1,116 అని రాస్తాం. అందులో 1 మూడుసార్లు వచ్చింది. మూడు ఒకట్లూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి, విలువలు మాత్రం వేరువేరు. ఎడమ చివర ఉన్నది వెయ్యి. దాని పక్కది వంద. ఆ పక్కది పది. చివర ఆరు మాత్రం ఆరే.

పుస్తకంలో దీన్నే రెండు పేర్లతో అడుగుతారు. అంకెకు సొంతంగా ఉన్న విలువ ముఖ విలువ. అది ఎక్కడ కూర్చున్నా మారదు, కాబట్టి మూడు ఒకట్ల ముఖ విలువా 1. కూర్చున్న చోటును బట్టి వచ్చే విలువ స్థాన విలువ. అది 1,000, 100, 10. వీటన్నిటినీ కూడికగా విప్పి 1,000 + 100 + 10 + 6 అని రాస్తే అది విస్తరణ రూపం. కుడి నుంచి ఎడమకు ఒకట్లు, పదులు, వందలు, వేలు, పదివేలు, లక్షలు అని స్థానాలు నడుస్తాయి. ఒక్కో అడుగు ఎడమకు వేస్తే విలువ పది రెట్లు పెరుగుతుంది.

పది కలిస్తే ఒకటి

పెద్దవాళ్లకు ఇంత తేలిగ్గా కనిపించేది పిల్లలకు ఎందుకు కష్టం? పదిని ఒకేసారి రెండు రకాలుగా చూడాల్సి రావడమే కష్టం. అది పది విడి వస్తువులు, అదే సమయంలో "ఒక పది" అనే ఒక్క వస్తువు కూడా.

పాపతో చీపురు పుల్లలు ముక్కలు చేయించి నేలమీద పోయించాను. ఇరవై మూడు ముక్కలు. ఒక్కొక్కటే లెక్కపెట్టింది, తప్పు లేదు. తర్వాత పదేసి తీసి రబ్బరు బ్యాండు వేయమన్నాను. రెండు కట్టలు అయ్యాయి, మూడు విడిగా మిగిలాయి. "ఇప్పుడు ఎన్ని ఉన్నాయి?" అంటే మళ్లీ బ్యాండ్లు తీసేసి ఒకటి నుంచి మొదలుపెట్టింది. రెండోసారి కూడా అంతే. నాలుగోసారికి కట్ట మీద వేలు పెట్టి "పది, ఇరవై" అని, విడి పుల్లల దగ్గరికొచ్చి "ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు" అంది. కట్ట విప్పకుండానే లోపల పది ఉన్నాయని నమ్మడానికి ఆమెకు అంతసేపు పట్టింది. 23లో 2 అంటే ఆ రెండు కట్టలు.

ఈ తడబాటు మన పిల్లలదే కాదు. అమెరికాలో పనిచేసిన పరిశోధకురాలు కాన్‌స్టన్స్ కమీ పిల్లల ముందు పదహారు వస్తువులు పెట్టి, 16 అని రాసి, అందులో 6 ఎన్నింటిని చెబుతుందో చూపించమని అడిగేవారు. పిల్లలు ఆరు చూపించేవాళ్లు. 1 ఎన్నింటిని చెబుతుందో చూపించమంటే చాలామంది ఒక్కటే చూపించేవాళ్లు. మిగిలిన తొమ్మిది ఎవరికీ చెందకుండా అలా ఉండిపోయేవి. "పదుల స్థానంలో 1 ఉంది" అని అప్పజెప్పగలిగిన పిల్లలు కూడా ఈ ప్రశ్న దగ్గర ఆగిపోవచ్చు. అందుకే నోటికి వచ్చిన జవాబును చూసి అర్థమైందని అనుకోలేం.

సున్నా స్థాన విలువ సున్నా, అయినా తీసేయలేం

105లో సున్నా స్థాన విలువ ఎంత? సున్నా. 1,005లో? అప్పుడూ సున్నానే. ఎక్కడ కూర్చున్నా దానికి విలువ లేదు. మరి ఎందుకు రాయాలి? తీసేస్తే 105 కాస్తా 15 అవుతుంది కాబట్టి. "పదుల వరుసలో ఎవరూ లేరు, కానీ ఆ వరుస ఉంది" అని చెప్పడమే సున్నా పని. తను అక్కడ ఉండి, ఎడమ పక్కనున్న 1 కిందికి జారిపోకుండా ఆపుతుంది.

ఇలాంటి గుర్తు లేని పద్ధతి ఎలా ఉంటుందో గోడ గడియారం మీది రోమన్ అంకెల్లో చూడవచ్చు. అక్కడ పదికి ఒక గుర్తు, వందకు వేరే గుర్తు, వెయ్యికి ఇంకొకటి. చిన్న గుర్తు కుడివైపు ఉంటే కలపాలి, ఎడమవైపు ఉంటే తీసేయాలి. ఆ మాత్రం స్థానం లెక్క ఉంది, పది రెట్ల లెక్క మాత్రం లేదు. చార్మినార్ కట్టిన 1591ని ఆ పద్ధతిలో రాస్తే ఎం, డి, ఎక్స్, సి, ఐ అని ఐదు గుర్తులు కావాలి. మన పద్ధతిలో నాలుగు అంకెలు చాలు. అందులో మొదటి 1 వెయ్యి, చివరి 1 ఒకటి. తెలుగు అంకెల్లో ౧౫౯౧ అని రాసినా నియమం అదే, ఆకారాలే వేరు.

ఈ నియమాన్ని ఆర్యభటుడు 499 నాటి తన గ్రంథంలో నాలుగు మాటల్లో చెప్పాడు: "స్థానాత్ స్థానం దశగుణం స్యాత్". ఒక స్థానం నుంచి తర్వాతి స్థానం పది రెట్లు అని అర్థం. సున్నాను ఒక సంఖ్యగా తీసుకుని కూడికకు, తీసివేతకు నియమాలు రాసినవాడు బ్రహ్మగుప్తుడు, 628లో. తర్వాత ఈ పద్ధతి అరబ్బుల ద్వారా యూరప్ చేరింది. అక్కడ దాన్ని వ్యాప్తిలోకి తెచ్చిన ఇటలీ గణితవేత్త ఫిబొనాచీ పుస్తకం 1202 నాటిది. పెద్ద పెద్ద పండితులకే ఇన్ని వందల ఏళ్లు పట్టిన విషయాన్ని ఏడేళ్ల పిల్ల రెండు నెలల్లో అందుకోవాలని మనం కూర్చుంటాం. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకునే ముందు నాకు ఈ సంగతి గుర్తొస్తుంది.

మూడు భాషల ఊళ్లో సంఖ్యల పేర్లు

హైదరాబాద్ పిల్లలకు ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్, వీధిలో కూరగాయల బండి దగ్గరో ఆటోలోనో ఉర్దూ. మూడు భాషలూ ఒకే సంఖ్యను మూడు రకాలుగా విప్పుతాయి.

13 తీసుకోండి. తెలుగులో "పదమూడు": ముందు పది, తర్వాత మూడు. రాసేటప్పుడూ అదే వరుస. ఇంగ్లిష్‌లో "థర్టీన్": ముందు మూడు వినిపిస్తుంది, పది వెనకాల వస్తుంది. "సెవెంటీన్" అనగానే 7 రాసి, తర్వాత 1 రాసి, 71 చేసే పిల్లలు ఇందుకే కనిపిస్తారు. పైగా థర్టీన్, థర్టీ రెండూ చెవికి దగ్గరగా ఉంటాయి. ఉర్దూలో దారి ఇంకా వేరు. 29 "ఉన్‌తీస్", 39 "ఉంతాలీస్". ముప్పైకి ఒకటి తక్కువ, నలభైకి ఒకటి తక్కువ అని ఆ పేర్ల పుట్టుక. అంటే 39 అని రాయాల్సిన చోట చెవిలో నలభై ఛాయ పడుతుంది.

తెలుగు పేర్లలో పదులు ఇంచుమించు బయటికే కనిపిస్తాయి. ముప్పైలో మూడు, నలభైలో నాలుగు, అరవైలో ఆరు, ఎనభైలో ఎనిమిది. ఇరవై దాటాక "ఇరవై ఒకటి", "తొంభై తొమ్మిది" అని పదులు ముందు, ఒకట్లు తర్వాత తప్పకుండా వస్తాయి.

ఇంతకంటే నాకు ముచ్చటగా అనిపించేది వందల దగ్గర ఉంది. "మూడు వందలు" అంటే మాట అక్కడితో ఆగిపోయింది. "మూడు వందల" అంటే ఇంకా ఏదో రాబోతోంది. వంద "నూట"గా మారిందంటే వెనకాల ఒకటో రెండో స్థానాలు నిండబోతున్నాయని అర్థం. "నూట" అని ఆపేస్తే చిన్నపిల్ల కూడా "నూట ఎంత?" అని అడుగుతుంది. "వేలు", "వేల"కూ ఇదే తేడా. వందలో చివరి రెండు సున్నాలు ఖాళీ కుర్చీలే, ఎవరో వచ్చి కూర్చోబోతున్నారు అన్న కబురు మన భాష ఆ చిన్న మార్పుతో ముందే పంపిస్తుంది. ఇంగ్లిష్‌లో "హండ్రెడ్" ఆగినా, కొనసాగినా ఒకేలా ఉంటుంది.

అలాగని తెలుగులో చెప్తే చాలు, తప్పులన్నీ పోతాయనడం సరికాదు. చైనా, జపాన్, కొరియా భాషల్లో 11ని "పది ఒకటి" అన్నట్టే అంటారు. అక్కడి పిల్లలు స్థాన విలువను త్వరగా పట్టుకోవడానికి అదొక కారణమని కొందరు పరిశోధకులు అంటారు. ఆ తేడా భాషది కాదు, అక్కడి బోధనదీ ఇంట్లో చేయించే సాధనదీ అని మరికొందరు అంటారు. రెండు వాదాలకూ బలముంది. మన దగ్గరే చూడండి, తెలుగు మీడియంలో చదివిన తరాల్లోనూ నూట ఐదును 1005 అని రాసినవాళ్లు ఉన్నారు. ఎందుకంటే తెలుగు గానీ, ఇంగ్లిష్ గానీ, ఉర్దూ గానీ మధ్యలో వచ్చే సున్నాను పలకవు. "నాలుగు వేల ఏడు" అన్న మాటలో వందల ప్రస్తావన లేదు, పదుల ప్రస్తావన లేదు. కాగితం మీద మాత్రం రెండు చోట్లా సున్నా పడాలి: 4,007.

తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లోనూ ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకాలు మాత్రం ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్ అన్నట్టు రెండు భాషల్లోనూ ఇచ్చారు. సంఖ్యల పాఠానికి ఆ ఎదురెదురు పేజీలు చాలా పనికొస్తాయని నా నమ్మకం. "పదిహేడు", "సెవెంటీన్" పక్కపక్కన కనిపిస్తే తేడా దానంతటదే బయటపడుతుంది.

శుభలేఖ అట్టలతో 105

పాప రాసిన 1005 దగ్గరికి వద్దాం. పాత శుభలేఖల అట్ట కత్తిరించి మూడు సైజుల ముక్కలు చేశాం. పెద్ద ముక్క మీద 100, దానిలో మూడింట రెండు వంతులున్న దాని మీద 20, చిన్నదాని మీద 5. ముందు 100 ముక్క నేల మీద పెట్టి, దాని పక్కన 5 పెట్టింది. 1005 కనిపించింది. "పక్కన కాదు, మీద పెట్టు, కుడి అంచులు కలిసేలా" అన్నాను. 5 వెళ్లి చివరి సున్నా మీద కూర్చుంది. 105. పాప 5 ముక్క ఎత్తి కింద సున్నా ఉందో లేదో చూసింది, మళ్లీ పెట్టింది, మళ్లీ ఎత్తింది. తర్వాత మధ్యలోకి 20 దూర్చి "ఆంటీ, నూట ఇరవై ఐదు" అంది.

వంద పోలేదు, దాని సున్నాలు కింద దాక్కున్నాయి. 100 + 20 + 5 అనే విస్తరణ రూపం చేతిలో పట్టుకుంటే ఇలా ఉంటుంది.

అప్పు తేవడమా, చిల్లర మార్చడమా?

స్థాన విలువ అర్థం కాలేదన్న సంగతి ఎక్కువగా తీసివేతలో బయటపడుతుంది. దేశమంతటా గ్రామీణ పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేలోనూ రెండంకెల తీసివేత లెక్కను అందుకే పెడతారు. పై అంకె చిన్నది, కింది అంకె పెద్దది అయ్యేలా ఇస్తారు.

కిరాణా కొట్లో 167 రూపాయల బిల్లుకు ఐదు వందల నోటు ఇచ్చామనుకుందాం. 500 - 167. చాలామంది పిల్లలు 467 రాస్తారు. అది ఊరికే రాసింది కాదు. 0 నుంచి 7 పోదు కాబట్టి 7 నుంచి 0 తీశారు, 7 వచ్చింది. 6 నుంచి 0 తీశారు, 6. 5 నుంచి 1 తీశారు, 4. ప్రతి నిలువు వరుసనూ విడి లెక్కగా చేశారు, 500ను ఒక్క సంఖ్యగా చూడలేదు.

మన చిన్నప్పుడు దీన్ని "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవడం" అని నేర్పారు. పక్కింట్లోనూ సున్నా ఉంటే ఆ పక్కింటికి వెళ్లాలి. ఇప్పటి ఇంగ్లిష్ పుస్తకాలు చాలావరకు "రీగ్రూపింగ్" అంటున్నాయి. తల్లిదండ్రులు కొందరు కొత్త పేరు చూసి కంగారు పడుతున్నారు. చేసే పని ఒకటే. అప్పు అన్న మాట తప్పని అనేవాళ్ల వాదన ఏమిటంటే, తెచ్చింది తిరిగి ఇవ్వం, పైగా "ఒకటి తెచ్చాను" అనేసరికి అది పదిగా ఎలా మారిందో కనిపించదు. పాత మాట చాలనేవాళ్లు తరతరాలుగా ఆ మాటతోనే లెక్కలు వచ్చాయంటారు, అదీ నిజమే. నాకైతే మన దగ్గర ఇంకో చక్కని మాట ఉంది అనిపిస్తుంది: చిల్లర మార్చడం.

ఐదు వందల్లో ఒక వంద తీసి పది పది రూపాయల నోట్లుగా మార్చండి: 4 వందలు, 10 పదులు. ఆ పదుల్లో ఒకటి తీసి రూపాయి బిళ్లలుగా మార్చండి: 4 వందలు, 9 పదులు, 10 ఒకట్లు. కూడి చూడండి, 400 + 90 + 10, మొత్తం ఇంకా 500 రూపాయలే. ఇప్పుడు 10 నుంచి 7 తీస్తే 3, తొమ్మిది పదుల్లో ఆరు తీస్తే మూడు పదులు, నాలుగు వందల్లో ఒకటి తీస్తే మూడు వందలు. 333. సున్నా కొట్టేసి దాని మీద 9 ఎందుకు రాస్తామో, 10 ఎందుకు రాయమో ఇక్కడ కనిపిస్తుంది. వచ్చిన పదిలో ఒకటి పక్కకు వెళ్లిపోయింది.

పుల్లలా, పూసలా, నోట్లా?

ఏ వస్తువుతో నేర్పాలి అన్నదాని మీద టీచర్లలో ఏకాభిప్రాయం లేదు. పుల్లల కట్టలో పది కళ్లకు కనిపిస్తాయి, కట్ట విప్పితే పదీ బయట పడతాయి. కానీ వెయ్యికి వెయ్యి పుల్లలు కావాలి. పూసల చట్రంలో ఒకట్ల కడ్డీలో పూసా, వందల కడ్డీలో పూసా ఒకటే సైజు. స్థానం విలువను మారుస్తుందన్న నియమం అక్కడ స్పష్టంగా ఉంటుంది. పదిని ఇంకా ఒక్కటిగా చూడలేని పిల్లకు మాత్రం ఆ పూసలు అన్నీ ఒకటే. పది నోటులోనూ పది రూపాయి బిళ్లలు కనిపించవు, అది నమ్మకం మీద నడిచే వస్తువు. పైగా యాభై, ఇరవై, రెండు వందల నోట్లు పది రెట్ల వరుసలో లేవు. మొదట కట్టలు, తర్వాత నోట్లు, ఆపైన పూసలు అన్న వరుసను సమర్థించేవాళ్లు ఉన్నారు. నాకూ అదే సబబుగా తోస్తుంది.

నిలువుగా రాసి చేసే పద్ధతి ముందా, అర్థం ముందా అన్నది ఇంకో తగాదా. పద్ధతిని తొందరగా నేర్పితే పిల్లలు స్థానాల గురించి ఆలోచించడం మానేస్తారని కమీ గట్టిగా వాదించారు. పద్ధతి చేతికి వచ్చాక అర్థం మెల్లగా వస్తుంది, ఈలోపు పరీక్షలు ఆగవు కదా అనేది బడుల్లో వినిపించే మాట. గుణకారంలో ఈ తేడా తేటగా కనిపిస్తుంది. "పదితో గుణిస్తే చివర సున్నా పెట్టు" అన్న సూత్రంతో 35 × 10 = 350 వచ్చేస్తుంది. అసలు జరిగేది ఏమిటంటే 3, 5 రెండూ ఒక్కో స్థానం ఎడమకు జరిగాయి, ఖాళీ అయిన ఒకట్ల చోట సున్నా కూర్చుంది. సూత్రం మాత్రమే నేర్చుకున్న పిల్ల తర్వాత 3.5 × 10 దగ్గర 3.50 రాసి ఆశ్చర్యపోతుంది. జరగడం అర్థమైన పిల్ల 35 రాస్తుంది.

పదుల స్థానంలో ఎంత, మొత్తం పదులు ఎన్ని?

ఈ రెండు ప్రశ్నలూ ఒకటే అనుకోవడం పెద్దవాళ్లలోనూ ఉంది. 1,116లో పదుల స్థానంలో 1 ఉంది. కానీ ఆ మొత్తాన్ని పది రూపాయల నోట్లుగా ఇవ్వమంటే ఒక్క నోటుతో సరిపోదు. 111 నోట్లు కావాలి, పైన ఆరు రూపాయలు. వెయ్యిలో వంద పదులు, వందలో పది పదులు, పదిలో ఒకటి.

పేర్ల దగ్గర కూడా ఒక చిక్కుంది. మన పుస్తకాల ప్రకారం 345లో 4 స్థాన విలువ 40. ఇంటర్నెట్‌లో దొరికే అమెరికా వర్క్‌షీట్లలో చాలావాటిలో స్థానం పేరు వేరుగా అడుగుతారు, జవాబు "పదులు". విలువ వేరుగా అడుగుతారు, జవాబు 40. ఇంట్లో ఆ షీట్లు చేయించి, బడిలో "పదులు" అని రాస్తే మార్కు పోతుంది. పిల్లకు లెక్క రాక కాదు, ఒకే మాటకు రెండు చోట్ల రెండు అర్థాలు ఉండటం వల్ల.

కామా ఎక్కడ పడినా సంఖ్య మారదు

నాలుగు, ఐదు తరగతులకు వచ్చేసరికి లక్షలు, మిలియన్లు కలిసి వస్తాయి. 2011 జనగణనలో హైదరాబాద్ జిల్లా జనాభా 39,43,323. మన పద్ధతిలో కుడి నుంచి మూడు అంకెల తర్వాత ఒక కామా, అక్కడి నుంచి రెండేసి అంకెలకు ఒకటి. ముప్పై తొమ్మిది లక్షల నలభై మూడు వేల మూడు వందల ఇరవై మూడు. అంతర్జాతీయ పద్ధతిలో మూడేసి అంకెలకు కామా: 3,943,323. మూడు మిలియన్లు, తొమ్మిది వందల నలభై మూడు వేలు, మూడు వందల ఇరవై మూడు. కామాలు చదవడానికి మాత్రమే. ఆ సంఖ్యలో 3 నాలుగుసార్లు ఉంది. వాటి స్థాన విలువలు కుడి నుంచి 3, 300, 3,000, 30,00,000. కామా జరిగినా ఈ నాలుగింటిలో ఏదీ మారదు. పది లక్షలు ఒక మిలియన్, కోటి అంటే పది మిలియన్లు అన్న రెండు ముక్కలు గుర్తుంటే అటూ ఇటూ మార్చుకోవచ్చు.

ఇంత చెప్పాక పాప శుభలేఖ వెనక ఉన్న అడ్రసు చూసి "ఐదు లక్షల రెండు" అని చదివింది. అది 500002, చార్మినార్ పిన్‌కోడ్. చదవడం తప్పులేకుండా చదివింది, నాలుగు సున్నాలనూ దాటేసింది. అయితే అది దేన్నీ లెక్కపెట్టే సంఖ్య కాదు. మొదటి 5 తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ఉన్న తపాలా ప్రాంతాన్ని చెబుతుంది. మొదటి మూడూ కలిపి ఉత్తరాలు వేరుచేసే జిల్లాను, చివరి మూడు ఉత్తరం చేరాల్సిన పోస్టాఫీసును చెబుతాయి. అక్కడా అంకె కూర్చున్న చోటుకు అర్థముంది, పది రెట్లు మాత్రం లేవు. "మరి ఇందులో 5 ఐదు లక్షలు కాదా?" అని అడిగింది పాప. కాదన్నాను. అయితే ఫోన్ నంబరులోవి కూడా కావా అంటూ వాళ్ల నాన్న నంబరు రాయడం మొదలుపెట్టింది.